కొడవలి మీద వాలిన ఈగలు

చేపలు తరిగిన కత్తిపీటని ఎంత తోమి ఎండలో పెట్టినా కాసేపటికి ఓ ఈగ వచ్చి వాలుతుంది. మన కంటికి ఆనని నీచు దానికి తెలిసిపోతుంది. ఈ చిన్న సంగతి ఒక హంతకుణ్ణి పట్టించిన వైనాన్ని 1247లోనే పుస్తకంలోకి ఎక్కించాడు చైనా న్యాయాధికారి సుంగ్ త్సు.

ఆయన 1186లో ఫుజియన్ ప్రాంతంలో పుట్టాడు. 1217లో ప్రభుత్వ పరీక్ష నెగ్గాడు గానీ, ఉద్యోగం వచ్చిందనగానే తండ్రి పోయాడు. చివరికి కొలువులో చేరేసరికి నలభై ఏళ్ళు. 1239లో గ్వాంగ్‌డాంగ్ వెళ్ళేసరికి అక్కడి జైళ్ళలో విచారణ లేకుండా ఏళ్ళ తరబడి మగ్గుతున్నవాళ్ళు ఎందరో. ఎనిమిది నెలల్లో రెండు వందల మందికి పైగా కేసులు తేల్చాడు.

ముక్కు మూసుకుని దూరం నుంచే శవాన్ని చూసి రిపోర్టు రాసేసే అధికారులంటే ఆయనకి ఒళ్ళు మంట. వాళ్ళ కోసమే ఆ పుస్తకం. అన్యాయాలను కడిగేయడం అని దాని పేరుకి అర్థం.

కొడవలి కథ అందులోదే. ఆ విచారణ చేసింది సుంగ్ త్సు కాదు, వేరే అధికారి. దారి పక్కన ఒకడు చచ్చిపడి ఉన్నాడు. ఒంటి నిండా కొడవలి గాట్లు, సొమ్ము మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. దొంగల పని కాదన్నమాట. అధికారి భార్యని పిలిచి అడిగాడు. శత్రువులెవరూ లేరు గానీ, మొన్నామధ్య ఒకడు అప్పుకొచ్చి, ఇవ్వకపోతే బెదిరించి పోయాడని ఆవిడ చెప్పింది. ఊళ్ళో కొడవళ్ళన్నీ తెప్పించి నేలమీద పరిపించారు, డెబ్భై ఎనభై దాకా. మండుటెండ. ఈగలన్నీ ఒక్కదాని మీదే ముసిరాయి. అది ఆ అప్పు అడిగినవాడిదే! మొదట బుకాయించినా, మిగతా వాటి మీద ఈగ ఎందుకు లేదో చెప్పలేక ఒప్పుకున్నాడు.

చావు ఎన్నాళ్ళ కిందటిదో చెప్పే లెక్క కూడా రాశాడు సుంగ్ త్సు. నడి వేసవిలో మూడు నాలుగు రోజులకే శవం ఉబ్బి పురుగు పడుతుంది. గడ్డ చలిలో అంత మార్పుకి పదిహేను రోజులు కావాలి. బక్కపల్చటి ముసలివాళ్ళకీ, లావుపాటి పడుచువాళ్ళకీ తేడా ఉంటుందట. కొండప్రాంతాల వాతావరణాన్ని బట్టి కూడా లెక్క మార్చుకోమన్నాడు. నేటి ఫోరెన్సిక్ నిపుణులు శవం మీది పురుగుల వయసుని బట్టి చావు వేళ అంచనా కట్టేటప్పుడు కూడా, ముందు చూసేది ఆ రోజుల్లో ఎండ ఎంత ఉందనే. వేడికి పురుగు తొందరగా ఎదుగుతుంది, చలికి మెల్లగా.

నన్ను ఆపేసింది మాత్రం ఇంకో మాట. గొప్పింట్లో పనిపిల్ల చనిపోతే, శవాన్ని పెద్ద రోడ్డు మీదికి తెచ్చి, నలుగురూ చూస్తుండగా పరీక్షించమన్నాడు. ఆడదాని శవమని సిగ్గుపడి చూపు తిప్పుకోవద్దన్నాడు. నాలుగ్గోడల మధ్య ఏం జరిగి ఉంటుందో ఆయనకి బాగా తెలుసు మరి.

సుంగ్ త్సు 1249లో గ్వాంగ్‌జౌలో ఉద్యోగంలో ఉండగానే చనిపోయాడు. ఆ పుస్తకాన్ని పట్టుకునే చైనా అధికారులు ఆ తర్వాత ఆరు వందల ఏళ్ళకు పైగా శవపరీక్షలకి వెళ్ళారు.