యంత్రశిల్పి జార్జి స్టీఫెన్సను

రైలుబండిని కనిపెట్టినవాడు జార్జి స్టీఫెన్సనని మన బాలురకు బడిలో చెప్పుచుందురు. ఇది పూర్తిగా నిజము కాదు. పట్టాలపై ఆవిరిబండిని 1804లోనే ట్రెవితిక్కు నడిపెను. స్టీఫెన్సను కీర్తికి ఈ యతిశయోక్తితో పనిలేదు. అతని జీవితమునందలి నిజములే చాలును.

ఇంగ్లండు ఈశాన్యభాగమున వైలమను గ్రామమున 1781 జూన్ 9వ తేదీన అతడు పుట్టెను. తండ్రి బొగ్గుగనిలో నీరుతోడు యంత్రమునకు బొగ్గువేయు కూలివాడు. ఆ కూలి కడుపులకే చాలకుండెను గనుక బిడ్డలకు బడి లేదు. జార్జి మొదట పసుల గాచి, పిదప గనిపనిలో ప్రవేశించెను. తీరిక దొరకినప్పుడు యంత్రమును విప్పి, తుడిచి, మరల కూర్చి దాని మర్మములు తెలిసికొనెను. పదునెనిమిదేండ్ల వరకు తన పేరైన వ్రాయ నేరడు. అప్పుడు తన కూలిలోనుండియే జీతమిచ్చి రాత్రిబడిలో అక్షరములు నేర్చెను.

1802లో ఫానీ హెండర్సనును వివాహమాడెను. మరుసటియేట రాబర్టు అను కుమారుడు కలిగెను. తరువాతి యాడశిశువు మూడు వారములే బ్రతికెను. 1806లో భార్యయు క్షయచే మరణించెను. పసివానిని ఒరుల కప్పగించి, స్కాట్లండునందలి మాంట్రోజునకు పనికై పోయెను. తిరిగివచ్చునప్పటికి తండ్రి ఆవిరి తగిలి గ్రుడ్డివాడై అప్పులలో మునిగియుండెను. కూడబెట్టిన సొమ్ము ఆ ఋణములకును, సైన్యమున తనకు బదులు వేరొకని కుదుర్చుటకును పోయెను. అమెరికాకు వలసపోదమనుకొనెనుగాని దారిబత్తెము లేదు. పగలు గని, రాత్రి ఇరుగుపొరుగువారి గడియారములు బాగుచేయుట, చెప్పులు కుట్టుట. ఈ సొమ్ము రాబర్టు చదువునకని దాచెను.

1811లో కిలింగ్‌వర్తు చెంత ఒక క్రొత్తగనిలో నీరు తోడలేక యంత్రము మొరాయించెను. నేర్పరులనబడినవారు చేతులెత్తివేసిరి. స్టీఫెన్సను దానిని విప్పి సరిచేయగా కొన్నినాళ్లలో గని యెండెను. మరుసటియేట అతనిని ఏటికి 100 పౌనుల జీతముపై యంత్రముల మేస్త్రీగా నియమించిరి. రాబర్టును న్యూకాసిలులో మంచిబడికి పంపెను. పిల్లవాడు ప్రతిదినము గాడిదనెక్కి పోయివచ్చెడివాడు. మనకు నవ్వులాటగ తోచవచ్చును, ఆ తండ్రికి మాత్రమది గొప్ప వ్యయము. కొడుకు పట్టణపు గ్రంథాలయమునుండి శాస్త్రగ్రంథములు తెచ్చి చదువగా తండ్రి విని నేర్చుకొనెను. ఇద్దరును కలసి లెక్కకట్టి చెక్కిన నీడగడియారమును 1816 ఆగస్టున తమ గుమ్మముపై నిలిపిరి.

గనులలో మండెడి వాయువువలన దీపమే మృత్యువగుచుండెను. సన్నని గొట్టములగుండ గాలి లోనికి పోవునట్లును, మంట వెలికి రాకుండునట్లును 1815లో అతడొక దీపము చేయించి, వాయువు చిమ్ముచున్న చోటికి తానే కొనిపోయి పరీక్షించెను. అదే సమయమున హంఫ్రీ డేవీ తీగవలతో వేరొక దీపము చేసెను. డేవీకి 2,000 పౌనుల బహుమానమొసగిరి. స్టీఫెన్సనునకు 100 గినీలు. చదువులేని మేస్త్రీ తనంతట నిట్టి దీపమును కల్పించెనని డేవీ తుదివరకు నమ్మలేదు. న్యూకాసిలువారు మాత్రము చందాలెత్తి 1,000 పౌనులిచ్చిరి. 1833లో పార్లమెంటు సంఘము అతని హక్కును సమానమని యంగీకరించెను. ఈ గాయము మానలేదు. చదివిన ఇంజనీర్లపై అతనికి జీవితాంతము చులకనభావము మిగిలెను. అది న్యాయమని చెప్పజాలము.

1825లో స్టాక్‌టన్-డార్లింగ్టను మార్గము తెరచిరి. ఆ యేడే లివర్‌పూలు-మాంచెస్టరు మార్గపు బిల్లు పార్లమెంటు సంఘమునెదుటికి వచ్చెను. అప్పటికి రాబర్టు కొలంబియా గనులకు పోయియుండెను. ఇతరులు కొలిచిన మట్టములలో తప్పులుండెను. న్యాయవాదుల ప్రశ్నలకు స్టీఫెన్సను నిలువలేకపోయెను. అతని పల్లెయాసను గూడ పరిహసించిరి. బిల్లు పోయెను. మరుసటియేట చట్టమైనపిదప పని అతనికే దక్కెను. నాలుగుమైళ్లకు పైబడిన చాట్‌మాస్ బురదనేలపై పొదలతో అల్లిన తడికలు పరచి దారిని తేల్చెను.

1827లో కుమారుడు తిరిగివచ్చెను. అతని పర్యవేక్షణమున తయారైన రాకెట్టు 1829లో రెయిన్‌హిల్లు పోటీయందు 500 పౌనుల బహుమానమును గెల్చెను. కొలిమివేడిని ఒక్క పెద్దగొట్టముగాక, హెన్రీ బూతు సూచన ననుసరించి, నీటినడుమ 25 సన్నగొట్టములగుండ పంపుటచే ఆవిరి త్వరగా పుట్టెను. ఆ బండి గంటకు దాదాపు 30 మైళ్లు పరుగెత్తెను.

అతడు వాడిన పట్టాల యెడము, పిదప నరయంగుళము చేరి, 4 అడుగుల 8½ అంగుళములై పెక్కుదేశములకు ప్రమాణమయ్యెను. 1856లో చెన్నపట్టణపు రాయపురమునుండి కదలిన బండికి మాత్రము 5½ అడుగుల యెడము నిర్ణయించిరి.

అతడు నైటు బిరుదమును నిరాకరించెను. చెస్టర్‌ఫీల్డు చెంత టాప్టను గృహమున తోటపనిలో పడి, గాజుగొట్టములు చేయించి దోసకాయలను వంకరలేకుండ పెంచెను. తన్ను పరిహసించిన పార్లమెంటునకు రాబర్టు 1847లో సభ్యుడగుట చూచెను. 1848 ఆగస్టు 12వ తేదీన మరణించెను. 1859లో రాబర్టును వెస్ట్‌మినిస్టరు ఆబీలో ఖననము చేసిరి. తండ్రి సమాధి చెస్టర్‌ఫీల్డునందే యున్నది.