రబ్బరు తపస్వి

పాతకాలపు మోటారుసైకిళ్లను మీలో పలువురు చూచియుందురు. అఱువది డెబ్బది ఏండ్లు గడచినను వాని ఇనుప భాగములు నిలిచియుండును. కాని చేతిపిడి తొడుగులు, కాలు మోపు కమ్మికి తొడిగిన రబ్బరు, యంత్రపు అదురును అణచు రబ్బరు దిమ్మలు కాలక్రమమున ఎండి పగిలిపోవును. అట్టి బండ్లకు విడిభాగములు అంగళ్లలో దొరకుట అరుదు. అందుచే వానియందు మక్కువ గల కొందఱు ఇంటియొద్దనే రబ్బరు భాగములను చేసికొందురు. పాత ముక్క ఆకారమునకు సరిపడు లోహపు అచ్చును సిద్ధపఱచి, గంధకము కలిపిన పచ్చి రబ్బరును దానిలో కూరి, గట్టిగా బిగించి, తగిన వేడిలో కొంతసేపు ఉంచుదురు. అచ్చు విప్పగా, లాగిన సాగి, విడిచిన యథాస్థితికి వచ్చు క్రొత్త భాగము చేతికి వచ్చును. సులభముగా తోచు ఈ పని వెనుక ఒక మనుజుని జీవితమంతయు కలదు. అతడే ఛార్లెస్ గుడ్‌యియర్.

గుడ్‌యియర్ 1800వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన అమెరికా దేశమున కనెక్టికట్ రాష్ట్రములోని న్యూహేవెన్ పట్టణమున జన్మించెను. తండ్రి గుండీలను, సేద్యపు పనిముట్లను చేయించి అమ్మెడివాడు. గుడ్‌యియర్ 1824లో క్లారిస్సా బీచర్ అను యువతిని వివాహమాడెను. తరువాత ఫిలడెల్ఫియా నగరమున ఇనుప సామానుల దుకాణము తెఱచెను. అది 1830 నాటికి దివాలా తీసెను. అప్పులు తీర్పలేనివారిని చెఱసాలలో ఉంచుట ఆనాటి చట్టము. అందుచే అతడు పలుమాఱులు చెఱసాలకు పోవలసివచ్చెను.

ఆ దినములలో అమెరికాలో రబ్బరుపై జనులకు మోజు ఎక్కువగా నుండెను. బ్రెజిలు అడవులలోని చెట్ల పాల నుండి వచ్చు ఈ పదార్థముతో వర్తకులు జోళ్లు, కోటులు చేయించి అమ్మసాగిరి. కాని వేసవి రాగానే అవి కరగి, జిగురై, దుర్వాసన కొట్టెడివి. చలికాలమున ఱాయివలె బిఱుసెక్కి పగిలెడివి. 1834లో గుడ్‌యియర్ న్యూయార్కులోని ఒక రబ్బరు దుకాణమునకు పోగా, ఇట్లు చెడి తిరిగి వచ్చిన సరకుల వలన సంస్థలు నష్టపోవుచున్న సంగతి తెలిసెను. రబ్బరునకు ఎండను, చలిని ఓర్చు గుణము కలిగింపవలెనని నాడే అతడు నిశ్చయించుకొనెను.

అతనికి రసాయన శాస్త్రము తెలియదు, ప్రయోగశాల లేదు, ధనము అసలే లేదు. చెఱసాలలో నుండగనే పచ్చి రబ్బరును, భార్య వంటింటి అప్పడాల కఱ్ఱను తెప్పించుకొని పని మొదలిడెను. మెగ్నీషియా పొడిని కలిపి చూచెను. సున్నములో ఉడికించి చూచెను. నత్రికామ్లముతో తడిపి చూచెను. ఆమ్లమువలన రబ్బరు పైపొర మాత్రము గట్టిపడెను. అదియే విజయమనుకొని ప్రభుత్వమునకు 150 టపా సంచులు చేయుటకు ఒప్పుకొనెను. కాని వేసవి వేడికి ఆ సంచులు జాఱి, కరగి, పాడైపోయెను. లోకులు అతనిని పిచ్చివాడనిరి. ఇంట తిండికి కఱవు వచ్చెను. సామానులు తాకట్టునకు పోయెను. కడకు పిల్లల పాఠ్యపుస్తకములు సైతము అమ్ముడుపోయెను.

నథానియేల్ హేవర్డ్ అను పనివాడు రబ్బరులో గంధకము కలుపు విధమును అతనికి తెలిపెను. 1839లో మసాచుసెట్సు రాష్ట్రమున వోబర్న్ అను ఊరిలో గంధకము కలిసిన రబ్బరు ముక్క యొకటి పొరపాటున కాలుచున్న పొయ్యికి తగిలెను. కరగి కాఱుటకు మాఱుగా అది తోలువలె మాడెను. ఆ మాడిన భాగపు అంచున మాత్రము రబ్బరు చక్కగా సాగుచుండెను. పలువురు అట్టి ముక్కను పాఱవైచియుందురు. అయిదేండ్లుగా దానినే వెదకుచున్న గుడ్‌యియర్‌నకు మాత్రము దాని అర్థము తెలిసెను.

రబ్బరు అణువులు పొడవైన దారములవంటివి. పచ్చి రబ్బరులో అవి యొకదానిపై నొకటి జాఱుచుండును. వేడి తగిలినపుడు గంధకము ఆ దారముల నడుమ వంతెనలు కట్టును. వేడి చాలనిచో వంతెనలు ఏర్పడవు. మించినచో రబ్బరు మాడిపోవును. ఈ కారణము ఆనాడు ఎవరికిని తెలియదు. అందుచే తగిన వేడిని కనుగొనుటకే గుడ్‌యియర్‌నకు ఏండ్లు పట్టెను. భార్య రొట్టెలు కాల్చుకొనిన పొయ్యిలోనే ముక్కలను పెట్టుచు, కెటిలు ఆవిరిలో వ్రేలాడదీయుచు పరీక్షించెను. 1840లో అతని చిన్నబిడ్డ యొకడు మరణింపగా, అంత్యక్రియలకు గూడ చేతిలో ధనము లేకపోయెను. అయినను పని మానలేదు. తుదకు ఒత్తిడి గల ఆవిరిలో సుమారు 130 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమియందు నాలుగు మొదలు ఆఱు గంటలు ఉంచిన మేలని తేల్చెను. 1844 జూన్ 15న అతనికి అమెరికాలో పేటెంటు లభించెను.

కాని భాగ్యము కలిసిరాలేదు. అతని నమూనాలను పరిశీలించిన థామస్ హాన్‌కాక్ ఇంగ్లండులో ముందుగా పేటెంటు పొందెను. రోమనుల అగ్నిదేవత పేరిట ఈ పద్ధతికి వల్కనైజేషను అను పేరును ఇంగ్లండుననే కలిగెను. స్వదేశమున ఇతరులు తన హక్కును అతిక్రమింపగా, గుడ్‌యియర్ న్యాయస్థానముల చుట్టు తిరుగవలసివచ్చెను. 1852లో గెలిచినను ఖర్చులు అతనిని క్రుంగదీసెను. 1855లో పారిసు ప్రదర్శనమున అతనికి పతకము, ఫ్రెంచి ప్రభుత్వపు బిరుదు లభించెను. ఆ వార్త చేరునప్పటికి అతడు అప్పుల నిమిత్తము అచటి చెఱసాలలోనే యుండెను. 1860 జూలై 1న, మృత్యుముఖమున నున్న కుమార్తెను చూడబోవుచు, న్యూయార్కులో కన్నుమూసెను. అప్పటికి రెండు లక్షల డాలర్ల అప్పు మిగిలియుండెను.

అతడు గతించిన 25 ఏండ్లకు, 1885లో, జర్మనీయుడు డైమ్లర్ పెట్రోలు మోటారుసైకిలును నిర్మించెను. 1898లో ఏక్రన్ నగరమున స్థాపింపబడిన టైర్ల సంస్థ గుడ్‌యియర్ పేరు పెట్టుకొనెను. కాని అతని కుటుంబమునకు దానితో సంబంధము లేదు.

గుడ్‌యియర్ పట్టుదల లోకమునకు మేలు చేసెను. దాని మూల్యమును అతనితోపాటు భార్యాబిడ్డలును చెల్లించిరి. మనము అతని ఓర్పును మెచ్చునపుడు, ఆకలిని సహించుచు తన పొయ్యిని అతని ప్రయోగములకు విడిచిన క్లారిస్సాను గూడ స్మరింపవలెను. నేడు ఎవరైన తమ యింట అచ్చు విప్పి, పాతబండికి సరిపోవు రబ్బరు ముక్కను వెలికితీసినచో, ఆ పేదయింటి వంటపొయ్యి ఫలమే వారి చేతికి అందుచున్నది.