చదరంగంలో మేటి మీర్ సుల్తాన్ ఖాన్

చదరంగం పేరెత్తగానే మన పెద్దల్లో కొందరు నొసలు చిట్లిస్తారు. అది అకారణం కాదు. హనఫీ ఉలమా ఈ ఆటను మక్రూహ్‌గా ఎంచారు. పందెం లేకుండా, నమాజు వేళ తప్పకుండా ఆడితే షాఫిఈ ఉలమా కొంత వెసులుబాటు ఇచ్చారు. ఆ చర్చను అలా ఉంచి, ఈ ఆటలో యూరప్‌ను నివ్వెరపరచిన ఒక ముస్లిం జీవితం చూద్దాం.

మీర్ సుల్తాన్ ఖాన్‌ది అవిభక్త పంజాబులోని మిఠా టివానా. తండ్రి మియాఁ నిజాముద్దీన్ దగ్గర తొమ్మిదో ఏట ఆట నేర్చారు. అయితే అది దేశీయ చదరంగం. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది. జమీందారు సర్ ఉమర్ హయాత్ ఖాన్ ఆదరణలో యూరప్ పద్ధతి నేర్చుకుని, 1928లో అఖిల భారత విజేత అయ్యారు. ఎనిమిది గెలుపులు, ఒక డ్రా, ఓటమి లేదు.

1929లో లండన్ చేరారు. అక్కడి తొలి పోటీలో అట్టడుగు వరుసలో నిలిచారు. ప్రతిభ లేక కాదు, తొలి ఎత్తుల పుస్తక జ్ఞానం లేక. ఆ ఎత్తుల్లోనే ఎన్నో ఉచ్చులు ఉంటాయి. ఒకటి చెబుతాను. తెల్లపావులవారు మంత్రి ముందరి బంటుతో ఆట మొదలుపెట్టి, కొన్ని ఎత్తుల తర్వాత నల్ల గుర్రం మీదికి తమ ఒంటెను గురిపెడతారు. గుర్రం వెనుక నల్ల మంత్రి ఉంది కనుక అది కదలలేదని నమ్మి, తమ గుర్రంతో మధ్యలోని నల్ల బంటును తీసేస్తారు. నల్ల గుర్రం మాత్రం జంకకుండా వచ్చి ఆ గుర్రాన్ని చంపేస్తుంది! ఒంటె సంబరంగా నల్ల మంత్రిని తీస్తుంది. వెంటనే నల్ల ఒంటె రాజుకు షహ్ ఇస్తుంది. తెల్ల మంత్రిని అడ్డం పెట్టక తప్పదు. లెక్క తేలేసరికి మంత్రికి మంత్రి పోయి, తెల్లవారికి ఒక బంటు దక్కి ఒక గుర్రం నష్టం. తెలిసినవారికి ఇది చిన్న విషయం, తెలియనివారికి ఆట అక్కడితో సరి.

వింటర్, యేట్స్ అనే ఆంగ్ల ఆటగాళ్లు ఆయనకు తర్ఫీదు ఇచ్చారు. ఆ వేసవిలోనే బ్రిటిష్ ఛాంపియన్ అయ్యారు. 1932, 1933లలో మళ్లీ గెలిచారు. 1930-31 హేస్టింగ్స్ పోటీలో మాజీ ప్రపంచ విజేత కాపబ్లాంకాను 65 ఎత్తుల్లో ఓడించారు. 1931 ప్రాగ్ ఒలింపియాడ్‌లో ఫ్లోర్, రూబిన్‌స్టీన్ కూడా ఆయన చేతిలో ఓడారు. అదే 1933లో బ్రిటిష్ మహిళల టైటిల్ గెలిచిన మిస్ ఫాతిమా కూడా సర్ ఉమర్ ఇంటి నుంచి వచ్చినవారే. ఈ సంగతి మన అమ్మాయిలకు తప్పక చెప్పాలి.

లండన్ చలి ఆయనకు పడలేదు. మలేరియా, గొంతు జబ్బులు పీడించేవి. మెడకు గుడ్డ చుట్టుకుని ఆడిన రోజులున్నాయి. 1933 డిసెంబరులో స్వదేశం వచ్చేశారు. 1935లో ఖాదిల్కర్‌తో పది ఆటలు ఆడి ఒక్క డ్రా మినహా అన్నీ గెలిచారు. ఆపై పెద్ద పోటీల జోలికి పోలేదు. తన పిల్లలకు ఆట నేర్పకుండా, అంతకన్నా ఉపయోగపడే పని చూసుకోమన్నారు.

ఆయన చదువురాని నౌకరని ఇంగ్లీషువారు రాసింది తప్పని కుటుంబం తరువాత ఖండించింది. 1966 ఏప్రిల్ 25న సర్గోధాలో క్షయతో కన్నుమూశారు. గ్రాండ్‌మాస్టర్ బిరుదు 2024లో, మరణానంతరం వచ్చింది.