అభిఘాత సూత్రాలు – హైగెన్స్ మహాశయుడు

ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చదివినవారికి హైగెన్స్ పేరు కాంతి తరంగ సిద్ధాంతంతోనే జ్ఞాపకం ఉంటుంది. ద్రవ్యవేగ నిత్యత్వ పాఠంలో ఆ పేరు అరుదుగా కనిపిస్తుంది. కాని ఆ పాఠం కూడా చాలావరకు ఆయన చలవే.

క్రిస్టియాన్ హైగెన్స్ 1629 ఏప్రిల్ 14న హాలండులోని హేగ్ నగరంలో జన్మించారు. తండ్రి కాన్‌స్టంటైన్ కవి, రాజకార్య దక్షుడు. ఆ ఇంటికి వచ్చిపోయే పెద్దలలో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ ఒకరు. 1644లో డెకార్ట్ వస్తువుల అభిఘాతానికి ఏడు సూత్రాలు ప్రకటించారు. చిన్న వస్తువు ఎంత వేగంతో తాకినా, నిశ్చలంగా ఉన్న పెద్ద వస్తువును కదిలించజాలదన్నది వాటిలో ఒకటి. తొలుత ఆ తత్త్వానికి ముగ్ధుడైన హైగెన్స్‌కు 1652 నాటికి ఆ సూత్రాలలో అధికభాగం తప్పని తోచింది. లైడెన్‌లో ఆయనకు గణితం బోధించిన వాన్ స్కూటెన్ డెకార్ట్ అనుయాయి. ఈ ప్రయత్నం మానుకొమ్మని శిష్యునికి నచ్చజెప్పారు. శిష్యుడు గురువును గౌరవించారు గాని మానలేదు.

ఆయన యోచించిన మార్గం మిక్కిలి సులభమైనది. కాలువలో పడవ సాగిపోతున్నది. అందులో నిలుచున్న మనిషి దారాలకు వేలాడే రెండు సమానమైన గట్టి గోళాలను సమాన వేగంతో ఎదురెదురుగా ఢీకొట్టిస్తాడు. అవి అంతే వేగంతో వెనుదిరుగుతాయి. పడవ వేగమూ గోళం వేగమూ సెకనుకు 2 మీటర్లే అనుకుందాం. ఒడ్డున ఉన్నవానికి ఒక గోళం నిశ్చలంగానూ, రెండవది 4 మీటర్ల వేగంతో వస్తున్నట్లూ కనిపిస్తుంది. తాకిన పిదప వచ్చినది ఆగిపోతుంది, ఆగి ఉన్నది 4 మీటర్ల వేగంతో కదులుతుంది. గోలీలాడిన పిల్లలెవరికీ ఇది కొత్త కాదు! తాకిన క్షణంలో ఎంత బలం ఎంతసేపు పనిచేసిందన్న ప్రశ్నను, అనగా నేడు మనం ప్రచోదనమనే దానిని, తడమకుండానే ఆయన ముందు వెనుకల వేగాలను తేల్చారు. డెకార్ట్ వేగపు దిశను లెక్కలోనికి తీసుకోలేదు. హైగెన్స్ దిశను గణించి, ఒకే దిశలో మొత్తం చలన పరిమాణం మారదన్నారు. గట్టి గోళాల విషయంలో ద్రవ్యరాశిని వేగ వర్గంతో గుణించగా వచ్చే మొత్తం కూడా మారదని చూపారు. నేటి గతిజశక్తి నిత్యత్వానికి ఇదే అంకురం.

1656 నాటికే గ్రంథం చాలావరకు సిద్ధమైనా ఆయన అచ్చువేయలేదు. శనిగ్రహ వలయం, లోలక గడియారం వంటి పనులు ఆయన్ను చుట్టుముట్టాయి. 1668లో లండన్ రాయల్ సొసైటీ ఈ సమస్యపై వాలిస్, రెన్, హైగెన్స్‌లను అడిగింది. ముగ్గురూ పంపారు. 1669 ఆరంభంలో సొసైటీ పత్రికలో మొదటి ఇద్దరి వ్యాసాలే వెలువడ్డాయి. హైగెన్స్ నొచ్చుకుని, ఆ మార్చిలో పారిస్ పత్రికలో తన సూత్రాలను ప్రకటించుకున్నారు. తరువాతి నెలలో లండన్ పత్రికా వాటిని ప్రచురించింది. 1687లో న్యూటన్ తన మహాగ్రంథంలో ముగ్గురినీ పేర్కొన్నారు.

హైగెన్స్ 1695 జూలై 8న హేగ్‌లోనే కన్నుమూశారు. అభిఘాతాల గ్రంథం సంపూర్ణంగా 1703లో గాని వెలుగు చూడలేదు. పడవలో ఒకడు, ఒడ్డున ఒకడు చేతులు చాచి నిలిచిన బొమ్మ అందులో ఉన్నది.