ఎడ్ వుడ్

ఎడ్వర్డ్ డేవిస్ వుడ్ జూనియర్ (అక్టోబరు 10, 1924 - డిసెంబరు 10, 1978) అమెరికాకు చెందిన సినిమా దర్శకుడు, రచయిత, నిర్మాత, నటుడు. ఎడ్ వుడ్ అన్న పేరుతోనే ప్రసిద్ధుడు. అతి తక్కువ ఖర్చుతో భయానక చిత్రాలను, వింతజీవుల చిత్రాలను నిర్మించాడు. జీవించి ఉన్నకాలంలో ఇతని చిత్రాలకు థియేటర్లలో ఆదరణ లభించలేదు. అర్ధరాత్రి టెలివిజన్ ప్రసారాల ద్వారా, తరువాత వీడియో క్యాసెట్ల ద్వారా అవి ఇంటింటికీ చేరి, మరణానంతరం ఇతనికి కీర్తిని తెచ్చిపెట్టాయి.

బాల్యము, సైనిక జీవితము

ఇతడు న్యూయార్క్ రాష్ట్రంలోని పకీప్సీ పట్టణంలో జన్మించాడు. తండ్రి తపాలాశాఖ ఉద్యోగి. చిన్ననాటి నుండి సినిమాలన్నా, చవక కథల పత్రికలన్నా మిక్కిలి ఆసక్తి కలిగినవాడు. పుట్టినరోజు కానుకగా లభించిన చిన్న కెమెరాతో చిత్రాలు తీయడం ప్రారంభించాడు. స్థానిక థియేటరులో ప్రేక్షకులకు సీట్లు చూపే పని కూడా చేశాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, మెరైన్ దళంలో చేరి పసిఫిక్ రంగంలో పనిచేశాడు. 1946లో సైన్యం నుండి విడుదలై, మరుసటి సంవత్సరం హాలీవుడ్ చేరుకున్నాడు. సైనిక జీవితం ఆధారంగా ఇతడు రాసిన నాటకం 1948లో ప్రదర్శింపబడినా విజయం పొందలేదు.

సినీరంగ ప్రవేశము

ఇతడు దర్శకత్వం వహించిన మొదటి పూర్తి నిడివి చిత్రం "గ్లెన్ ఆర్ గ్లెండా" (1953). లింగమార్పిడి శస్త్రచికిత్స గురించి పత్రికలలో వచ్చిన సంచలనాన్ని సొమ్ము చేసుకోవాలని నిర్మాత భావించాడు. కానీ వుడ్‌కు స్వయంగా స్త్రీల దుస్తులు ధరించే అలవాటు ఉండేది. ఆ అలవాటున్న పురుషుని మనోవేదననే ప్రధానాంశంగా చేసుకొని చిత్రం తీశాడు. ప్రధాన పాత్రను మారుపేరుతో తానే పోషించాడు. అలాంటి వారిని నేరస్థులుగా చూడరాదని 1953 నాటి అమెరికాలో చెప్పడం సాహసమే.

1931 నాటి "డ్రాక్యులా" చిత్రంతో జగత్ప్రసిద్ధుడైన హంగేరీ నటుడు బేలా లుగోసీ ఈ చిత్రంలో నటించాడు. అప్పటికి అతడు అవకాశాలు లేక, మార్ఫిన్ వ్యసనంతో బాధపడుతున్నాడు. వుడ్ అతనికి "బ్రైడ్ ఆఫ్ ది మాన్‌స్టర్" (1955)లో ప్రధాన పాత్ర ఇచ్చాడు. మాంసం వ్యాపారి ఒకరు ఈ చిత్రానికి పెట్టుబడి పెట్టగా, ఆయన కుమారుడే కథానాయకుడయ్యాడు. ఇందులోని రబ్బరు ఆక్టోపస్‌ను కదిలించే యంత్రం లేకపోవడంతో, దానికి చిక్కినవారే దాని చేతులను పట్టుకొని ఊపుతూ పెనుగులాడవలసి వచ్చింది.

ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్

లుగోసీ 1956 ఆగస్టు 16న మరణించాడు. అంతకు ముందు వుడ్ అతనిపై కొన్ని నిమిషాల మూగ దృశ్యాలు చిత్రించి ఉంచాడు. వాటి చుట్టూ కొత్త కథ అల్లి "ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్" తీశాడు. మానవులు వినాశకర ఆయుధాన్ని తయారుచేయకుండా ఆపడానికి, గ్రహాంతరవాసులు శవాలకు ప్రాణం పోసి ఉసిగొల్పడం దీని ఇతివృత్తం. లుగోసీ మిగిల్చిన పాత్రను వుడ్ భార్యకు వైద్యం చేసే వ్యక్తి పూర్తిచేశాడు. ఇద్దరికీ పోలిక లేనందున, అతడు ముఖానికి అంగీని అడ్డుపెట్టుకొని నటించాడు.

క్రైస్తవ సంఘానికి చెందిన కొందరు ఈ చిత్రానికి పెట్టుబడి సమకూర్చారు. వారి కోరికపై నటవర్గంలో కొందరు బాప్తిస్మం కూడా తీసుకున్నారు. 1957లో లాస్ ఏంజెలెస్‌లో వేరే పేరుతో తొలి ప్రదర్శన జరిగింది. శ్మశానంలోని సమాధి రాళ్ళు కదలడం, ఒకే సన్నివేశంలో పగలు, రాత్రి మారిపోతూ ఉండడం ఇందులోని ప్రసిద్ధ లోపాలు. ఎగిరే పళ్ళేలకు కాగితపు పళ్ళేలు వాడారన్నది కేవలం ప్రచారం. అవి దుకాణంలో దొరికే బొమ్మల నమూనాలు.

టెలివిజన్ ద్వారా ఇంటికి

అమెరికాలో భయానక చిత్రాలను ఇంట్లో కూర్చొని చూడడం 1950లలో వ్యాప్తి చెందింది. 1954లో లాస్ ఏంజెలెస్‌లో మైలా నుర్మి "వాంపైరా" వేషంలో రాత్రివేళ చవక చిత్రాలను పరిచయం చేసే కార్యక్రమం నిర్వహించింది. 1957లో యూనివర్సల్ సంస్థ వారి 52 పాత చిత్రాలు ఒకే కట్టగా టెలివిజన్ కేంద్రాలకు అమ్ముడయ్యాయి. ఆ తరువాత అనేక నగరాలలో ఇటువంటి కార్యక్రమాలు వెలిశాయి. వాంపైరా కార్యక్రమం 1955లోనే ఆగిపోగా, వుడ్ ఆమెకు "ప్లాన్ 9"లో మాటలు లేని పాత్ర ఇచ్చాడు. 1960లలో ఆ చిత్రమూ అర్ధరాత్రి ప్రసారాలలోకి చేరింది. పెద్దలు నిద్రించాక పిల్లలు దొంగతనంగా చూసే చిత్రాలలో అదీ ఒకటయింది.

చివరి రోజులు

1960 తరువాత దర్శకత్వ అవకాశాలు సన్నగిల్లాయి. జీవిక కోసం వుడ్ చవక నవలలు, అశ్లీల చిత్రాలకు కథలు రాశాడు. మద్యపానానికి బానిసయ్యాడు. 1978 డిసెంబరులో, అద్దె చెల్లించలేని కారణంగా భార్య కేథీతో సహా ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది. మూడు రోజుల తరువాత స్నేహితుని ఇంటిలో గుండెపోటుతో మరణించాడు. అప్పటికి వయస్సు 54 సంవత్సరాలు.

మరణానంతర ఖ్యాతి

1980లో వెలువడిన మెడ్‌వెడ్ సోదరుల పుస్తకంలో వుడ్‌ను సర్వకాలాలలోనూ అధమ దర్శకునిగా పేర్కొన్నారు. పరిహాసానికి ఇచ్చిన ఆ బిరుదే అతనిపై ఆసక్తిని రేకెత్తించింది. లాబరేటరీకి బాకీ తీర్చలేక ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయిన "నైట్ ఆఫ్ ది గూల్స్" 1980లలో వీడియో క్యాసెట్‌గా బయటికి వచ్చింది. 1990లలో, చిత్రం నడుస్తుండగా వ్యాఖ్యానించే "మిస్టరీ సైన్స్ థియేటర్ 3000" కార్యక్రమం వుడ్ చిత్రాలను కొత్త తరానికి పరిచయం చేసింది. 1994లో టిమ్ బర్టన్ ఇతని జీవితంపై "ఎడ్ వుడ్" చిత్రాన్ని తీశాడు. వుడ్‌గా జానీ డెప్, లుగోసీగా మార్టిన్ లాండౌ నటించారు. లాండౌకు ఉత్తమ సహాయనటునిగా ఆస్కార్ లభించగా, మేకప్ విభాగంలో మరొక ఆస్కార్ వచ్చింది.

అధముడన్న బిరుదు పూర్తిగా న్యాయమైనది కాదు. వుడ్ చిత్రాలలో నైపుణ్యం కొరవడినా, విసుగు పుట్టించేవి అరుదు. ఇతనికంటే పెద్ద ఖర్చుతో తీసిన ఎన్నో చిత్రాలు విస్మృతిలో కలిసిపోగా, నవ్వుకోవడానికి కూర్చున్నవారే ఈ చిత్రాలను మళ్ళీ మళ్ళీ చూసి కాపాడారు. అయితే ఆ ఆదరణలో ఒక్క పైసా కూడా వుడ్ చేతికి అందలేదు.