ఆంథొనీ ట్రాలప్

వీథిలో నిలిచి ఉత్తరముల నందుకొను తపాలా పెట్టెను ఎఱుగనివారు లేరు. అయినను బ్రిటిషు దీవులలో అట్టి పెట్టె ఒక్కటియు లేని కాలము కలదు. వానిని అచ్చట నెలకొల్పుటకు కారకుడు ఆంథొనీ ట్రాలప్.

ట్రాలప్ 1815 ఏప్రిల్ 24న లండను నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాది. విద్యావంతుడయ్యును కోపిష్ఠి యగుటచే వృత్తిలో రాణింపక, వ్యవసాయమునను నష్టపడి అప్పులపాలయ్యెను. తల్లి గ్రంథములు వ్రాసి కుటుంబమును పోషించెను. ధనికుల బిడ్డలు చదువు హారో పాఠశాలకు మాసిన బట్టలతో, బురదకాళ్లతో వచ్చు ఈ బాలుని తోడివారు దరి చేరనీయకుండిరి. ఆ అవమానమును అతడు జీవితాంతము మఱువలేదు.

1834లో, పందొమ్మిదేండ్ల ప్రాయమున, లండను తపాలా శాఖలో గుమాస్తాగా చేరెను. వేళకు రాడనియు, పనికిమాలినవాడనియు పై అధికారులు నిందించుచుండిరి. ఇట్లు ఏడేండ్లు గడచెను. 1841లో ఐర్లండున నొక ఉద్యోగము ఖాళీపడగా తానే కోరి పోయెను. అచ్చట గుఱ్ఱమెక్కి పల్లెపల్లెకు తిరిగి, ఉత్తరములు ఏ దారిని పోవుచున్నవో, ఎచ్చట ఆలస్యమగుచున్నవో స్వయముగా పరీక్షించెను. నిందలు పడిన గుమాస్తా సమర్థుడైన ఉద్యోగి యయ్యెను.

1851లో అతనిని ఫ్రాన్సు తీరమునకు సమీపమున నున్న జెర్సీ, గెర్న్‌సీ ద్వీపములకు పంపిరి. అచ్చటి తపాలా ఓడలు ఆటుపోటులను, గాలివానలను బట్టి నడచుటచే వానికి నిశ్చితమైన వేళ లేదు. ఉత్తరము వేయదలచినవారు తపాలా కార్యాలయము వఱకు నడువవలసివచ్చెడిది. ఫ్రాన్సులో వీథులందు పెట్టెలుండుట ట్రాలప్ ఎఱుగును. తపాలా బిళ్లలు 1840 నుండియే వాడుకలో నున్నవి. బిళ్ల అంటించిన ఉత్తరము నందుకొనుటకు ఇనుప పెట్టె చాలునని తలచి, పై అధికారికి వ్రాసెను. 1852 నవంబరు 23న జెర్సీలోని సెంట్ హీలియర్ పట్టణమున నాలుగు పెట్టెలు వాడుకలోనికి వచ్చెను. మఱుసటి యేడు గెర్న్‌సీలోను, ఇంగ్లండులోను వెలసెను.

ఉద్యోగము చేయుచునే అతడు వేకువజామున లేచి, గడియారము నెదుట నుంచుకొని నవలలు వ్రాసెను. అవి నలుబదియేడు. 1867లో ఉద్యోగము మాని, 1882 డిసెంబరు 6న మరణించెను.

నేడు బ్రిటనులో పాత తపాలా పెట్టెలను వెదకి చూచుట పలువురకు వేడుక. ఇందుకై 1976లో ఒక సంఘము కూడ ఏర్పడెను. 1859లో పెట్టెలకు ఆకుపచ్చ రంగు నిర్ణయించిరి. అవి కంటబడుట లేదని 1874 నుండి ఎఱుపు వేయసాగిరి. 1866లో పెన్‌ఫోల్డ్ అను వాస్తుశిల్పి ఆఱుపలకల పెట్టెను రూపొందించెను. పెట్టెపై రాజు నామాక్షరములు పోతపోయుట ఆచారము. 1879 తరువాత కొన్నియేండ్లు పొరపాటున అక్షరములు లేకయే పెట్టెలు తయారయ్యెను. ఎనిమిదవ ఎడ్వర్డు 1936లో ఏడాదియైన నిండకుండ రాజ్యమును విడిచెను గావున అతని అక్షరములు గల పెట్టెలు మిక్కిలి అరుదు. గెర్న్‌సీలోని యూనియన్ వీథిలో 1853లో నాటిన పెట్టె నేటికిని ఉత్తరముల నందుకొనుచున్నది.

ఆ ఆలోచన ట్రాలప్ క్రొత్తగా కల్పించినది కాదు. పొరుగుదేశమున గల మేలును గుర్తించి, అవసరమున్న చోటికి తెచ్చుటయే అతని ఘనత. ఆ పెట్టెలపై రాజుల అక్షరములు గలవు. ట్రాలప్ పేరు లేదు. అయినను పనికిమాలినవాడని నిందపడిన ఆ గుమాస్తా చేసిన మేలును జనులు నూటడెబ్బది యేండ్లకు పైగా అనుభవించుచున్నారు.