ఇచ్చేసిన కుర్రాడు: క్రిస్టీ మాథ్యూసన్ కథ

పిల్లలూ, మీలో బేస్‌బాల్ ఆడేవాళ్ళు ఎంతమంది ఉన్నారు? అమెరికాలో ఉండేవాళ్ళకి ఈ ఆట గురించి నేను చెప్పక్కర్లేదు, మీరే నాకు చెప్తారు. దుబాయ్‌లోనో లండన్‌లోనో ఉండేవాళ్ళకి మాత్రం ఒక్క మాట. క్రికెట్‌లో బౌలర్ ఎలాగో బేస్‌బాల్‌లో పిచర్ అలాగ. బౌలర్ ఆరు బంతులు వేసి ఇంకొకరికి ఇచ్చేస్తాడు. ఆట మొదలుపెట్టే పిచర్ అలా ఇవ్వడు, గంటల తరబడి అతనే వేస్తాడు. వందేళ్ళ కిందట అయితే మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా చాలాసార్లు ఒక్కడే వేసేవాడు. పిచర్ బాగుంటే సగం ఆట గెలిచినట్టే.

అందుకే పేరున్న పిచర్ కోసం టీములు ఎంతకైనా దిగుతాయి. ఇప్పుడు కూడా జూలై వచ్చిందంటే చాలు, ఒక పెద్ద పిచర్‌ని తెచ్చుకోవడానికి ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళని అవతలి టీముకి ఇచ్చేస్తుంటారు. ఇలా ఆటగాళ్ళని మార్చుకోవడాన్ని ట్రేడ్ అంటారు. అలా వెళ్ళిపోయే కుర్రాళ్ళని ప్రాస్పెక్ట్‌లు అంటారు. ముందు ముందు బాగా ఆడతారని ఆశ ఉన్నవాళ్ళు, కానీ ఇంకా ఆడి చూపించనివాళ్ళు అన్నమాట.

1900లో సిన్సినాటి ఊరి టీము సరిగ్గా ఇదే చేసింది. పేరున్న పిచర్‌ని తెచ్చుకుంది, ఒక కుర్రాడిని ఇచ్చేసింది. ఆ కుర్రాడి కథే ఇది.

క్రిస్టీ మాథ్యూసన్ 1880 ఆగస్టు 12న పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఫ్యాక్టరీవిల్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. పేరులో ఫ్యాక్టరీ ఉంది కానీ అది పల్లెటూరే. పొడుగ్గా, ఆరడుగులు దాటి ఉండేవాడు. చదువులోనూ ముందే. బక్‌నెల్ అనే కాలేజీలో తన క్లాసుకి అధ్యక్షుడు, ఫుట్‌బాల్ టీములో ఆటగాడు, పాటల బృందంలో గాయకుడు. ఆ రోజుల్లో డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడేవాళ్ళంటే జనానికి అంత గౌరవం ఉండేది కాదు. తాగుతారు, కొట్టుకుంటారు అనుకునేవారు. కాలేజీ కుర్రాడు ఆ దారిలోకి వెళ్తానంటే ఇంట్లో ఏమనుకుని ఉంటారో మీకు తెలుసు కదా, మన ఇళ్ళల్లో అయినా అంతే! ఆదివారం మాత్రం ఆడనని అతను వాళ్ళమ్మకి మాట ఇచ్చాడు. చివరిదాకా ఆ మాట మీదే నిలబడ్డాడు.

1900 వేసవిలో వర్జీనియాలోని నార్ఫోక్ టీముకి ఆడి 20 ఆటలు గెలిచాడు. ఓడింది రెండే. అది చిన్న లీగు. అయినా ఇన్ని గెలిస్తే పెద్ద టీముల కళ్ళు పడవా? న్యూయార్క్ జెయింట్స్ వాళ్ళు జూలైలో పిలిపించుకున్నారు. అక్కడ మన కుర్రాడి అరంగేట్రం ఎలా జరిగిందో తెలుసా? (అరంగేట్రం అంటే మొదటిసారి నలుగురి ముందుకి రావడం. మీలో కూచిపూడి నేర్చుకునేవాళ్ళకి ఈ మాట బాగా తెలుసు.) ఒక్క ఆట కూడా గెలవలేదు, మూడు ఓడిపోయాడు. న్యూయార్క్ వాళ్ళు పెదవి విరిచి, వీడు మాకొద్దు అని నార్ఫోక్‌కి తిప్పి పంపేశారు. అప్పుడు సిన్సినాటి రెడ్స్ టీము అతన్ని తీసుకుంది. ఎంతకి? 100 డాలర్లకి!

ఇక రెండో మనిషి దగ్గరికి వద్దాం. అతని పేరు ఏమస్ రూసీ, ఇండియానా వాడు. 1890ల్లో రూసీ అంత వేగంగా బంతి విసిరేవాడు లేడు. అతని బంతి పట్టే క్యాచర్ చెయ్యి వాచిపోకుండా గ్లవ్‌లో సీసం రేకు పెట్టుకునేవాడని ఒక కథ కూడా ఉంది. నిజమో కాదో గానీ, చెప్పుకోడానికి భలే ఉంటుంది. 1893లో పిచర్‌కీ బ్యాటర్‌కీ మధ్య దూరాన్ని 60 అడుగుల 6 అంగుళాలకి పెంచారు. దానికి రూసీ వేగం కూడా ఒక కారణం అంటారు. ఈరోజు మీరు చూసే ఆటలోనూ ఆ దూరం అంతే. దూరం పెంచినా రూసీ తగ్గలేదు. 1894లో న్యూయార్క్ జెయింట్స్‌కి ఆడి 36 ఆటలు గెలిచాడు.

అంత గొప్పవాడికి తన టీము ఓనర్‌తో పడలేదు. ఓనర్ పేరు ఆండ్రూ ఫ్రీడ్‌మన్. 200 డాలర్లు జరిమానా వేశాడని రూసీకి కోపం వచ్చి 1896 అంతా ఆడకుండా ఇంట్లో కూర్చున్నాడు. వేరే టీముకి వెళ్ళొచ్చు కదా అంటారేమో. వెళ్ళకూడదు. ఆ రోజుల్లో ఒక టీములో సంతకం పెడితే ఓనర్ వదిలేదాకా ఆ టీముకే ఆడాలి. నచ్చకపోతే ఇంట్లో కూర్చోవడం ఒక్కటే దారి. తర్వాత 1898లో, బేస్ మీద నిలబడ్డ ఆటగాడిని అవుట్ చెయ్యడానికి గబుక్కున బంతి విసరబోయి భుజం దెబ్బ తీసుకున్నాడు. 1899 ఆడలేదు. 1900 కూడా ఆడలేదు.

ఇప్పుడు ఇక్కడ ఆగండి. మీరే సిన్సినాటి ఓనర్ అనుకోండి. ఒకవైపు రూసీ: వయసు 29, రెండు వందల పైచిలుకు ఆటలు గెలిచినవాడు, దేశమంతా తెలిసిన పేరు, కానీ రెండేళ్ళుగా బంతి పట్టలేదు. ఇంకోవైపు మాథ్యూసన్: వయసు 20, పెద్ద లీగులో గెలిచింది సున్నా. మీరైతే ఎవర్ని ఉంచుకుంటారు? నిజం చెప్పండి. కింద ఏం జరిగిందో చదవకముందే చెప్పాలి!

1900 డిసెంబర్ 15న సిన్సినాటి రూసీని తీసుకుంది. మాథ్యూసన్‌ని న్యూయార్క్‌కి ఇచ్చేసింది.

1901లో రూసీ సిన్సినాటికి మూడంటే మూడు ఆటల్లో బంతి వేశాడు. ఒక్కటీ గెలవలేదు. చెయ్యి పని చెయ్యలేదు. అంతటితో అతని ఆట అయిపోయింది. అదే 1901లో మాథ్యూసన్ న్యూయార్క్‌కి 20 ఆటలు గెలిచాడు. జూలై 15న సెయింట్ లూయిస్ టీముకి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆట మొత్తం వేశాడు.

సిన్సినాటి ఓనర్ జాన్ బ్రష్ ఇంత తెలివితక్కువ పని ఎందుకు చేశాడు? కొందరికి ఒక అనుమానం ఉంది. రెండేళ్ళు తిరక్కుండా, 1902లో బ్రష్ సిన్సినాటిని అమ్మేసి న్యూయార్క్ జెయింట్స్‌ని కొనుక్కున్నాడు. అంటే తాను వెళ్ళబోయే ఇంటికి ముందుగానే మంచి సామాను పంపించుకున్నాడా? ఎవరూ రుజువు చెయ్యలేదు. నాకైతే, అందరిలాగే బ్రష్ కూడా పెద్ద పేరు చూసి మోసపోయాడేమో అనిపిస్తుంది. పేరు చూస్తే కనిపిస్తుంది, నొప్పిగా ఉన్న భుజం బయటికి కనిపించదు కదా.

1902లోనే జాన్ మెక్‌గ్రా న్యూయార్క్‌కి మేనేజర్‌గా వచ్చాడు. పొట్టివాడు, నోరు పెద్దది, కోపం ముక్కు మీదే ఉంటుంది. మాథ్యూసన్ ఏమో పొడుగు, నెమ్మది, పుస్తకాలు చదివే మనిషి. ఇద్దరికీ ఎలా కుదిరిందో గానీ ప్రాణస్నేహితులయ్యారు. 1903లో మాథ్యూసన్‌కి జేన్ అనే అమ్మాయితో పెళ్ళయ్యాక రెండు జంటలూ న్యూయార్క్‌లో ఒకే ఇంట్లో కాపురం పెట్టాయి.

మాథ్యూసన్ దగ్గర ఫేడ్‌అవే అనే బంతి ఉండేది. మామూలుగా అతని బంతి ఒక వైపు తిరుగుతుంది. ఇది మాత్రం దానికి ఎదురు వైపు తిరిగేది. క్రికెట్ చూసేవాళ్ళు గూగ్లీని గుర్తు చేసుకోండి. అది వేస్తే చెయ్యి చాలా నొప్పి పెట్టేది. అందుకని ఆటలో కొద్దిసార్లే, అవసరం ముంచుకొచ్చినప్పుడే తీసేవాడు. గురి కూడా గొప్పదే. పిచర్ నాలుగు తప్పు బంతులు వేస్తే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కి నడిచిపోతాడు, దాన్ని వాక్ అంటారు. 1890లో రూసీ ఒక్క ఏడాదిలో 289 వాక్‌లు ఇచ్చాడు. ఆ రికార్డు ఇప్పటికీ అతనిదే, పాపం! 1913లో మాథ్యూసన్ వరుసగా 68 ఇన్నింగ్స్ ఒక్క వాక్ కూడా ఇవ్వలేదు.

1905 వరల్డ్ సిరీస్ గురించి చెప్పకపోతే ఈ పాఠం సగమే. ఫిలడెల్ఫియాతో పోటీ. మాథ్యూసన్ అక్టోబర్ 9న వేశాడు, 12న వేశాడు, 14న మళ్ళీ వేశాడు. ఆరు రోజుల్లో మూడు ఆటలు, 27 ఇన్నింగ్స్. ఫిలడెల్ఫియాకి వచ్చిన పరుగులు సున్నా. ఈ కాలంలో పిచర్ ఒక ఆట వేస్తే నాలుగైదు రోజులు విశ్రాంతి ఇస్తారు. 1908లో 37 ఆటలు గెలిచాడు. కాలేజీ చదివినవాడు, మర్యాదస్తుడు బేస్‌బాల్ ఆడుతున్నాడని ఇళ్ళల్లో పిల్లలకి చూపించి చెప్పే రోజులు వచ్చాయి.

చేతికి వయసు వచ్చింది. 1916 జూలైలో న్యూయార్క్ అతన్ని ట్రేడ్ చేసింది. ఎక్కడికో ఊహించండి... సిన్సినాటికే! పదహారేళ్ళ కిందట ఇచ్చేసిన టీముకే మేనేజర్‌గా వెళ్ళాడు. సెప్టెంబర్ 4న షికాగోలో ఒక్క ఆట వేశాడు. పాత ప్రత్యర్థి మోర్డెకై బ్రౌన్ అవతలి వైపు. ఇద్దరికీ అదే చివరి ఆట. ఇద్దరినీ బ్యాటర్లు బాగానే బాదారు. చివరికి సిన్సినాటి 10-8తో గెలిచింది. మాథ్యూసన్ జీవితంలో మొత్తం 373 గెలుపులు. వాటిలో 372 న్యూయార్క్‌కి, ఒకటి సిన్సినాటికి.

ఆ ట్రేడ్‌లో ఇంకో తమాషా ఉంది. మాథ్యూసన్‌తోపాటు న్యూయార్క్ 23 ఏళ్ళ ఎడ్ రౌష్ అనే కుర్రాడిని కూడా ఇచ్చేసింది. మరుసటి ఏడాదే, 1917లో, అతను లీగులో అందరికంటే మంచి బ్యాటర్ అనిపించుకున్నాడు. ఈసారి తప్పు న్యూయార్క్‌ది అన్నమాట. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని అమ్మమ్మలు అంటుంటారు కదా, ఆ బాపతే.

సిన్సినాటిలో మాథ్యూసన్‌కి ఒక పెద్ద చిక్కు ఎదురైంది. టీములో హాల్ చేజ్ అనే ఆటగాడు ఉండేవాడు. చాలా నేర్పు ఉన్నవాడు. కానీ డబ్బు తీసుకుని కావాలని ఓడిపోయేలా ఆడుతున్నాడని మాథ్యూసన్‌కి గట్టి అనుమానం వచ్చింది. 1918 ఆగస్టులో అతన్ని టీము నుంచి పక్కన పెట్టేశాడు. వెంటనే మాథ్యూసన్ సైన్యంలో చేరి ఫ్రాన్స్ వెళ్ళాల్సి వచ్చింది. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధం నడుస్తోంది. విచారణ జరిగినప్పుడు సాక్ష్యం చెప్పడానికి అతను ఊళ్ళో లేడు. చేజ్ బయటపడ్డాడు. అంతే కాదు, 1919లో చేజ్‌ని టీములోకి తీసుకున్నది ఎవరో తెలుసా? ప్రాణస్నేహితుడు మెక్‌గ్రా! యుద్ధం నుంచి వచ్చిన మాథ్యూసన్ కూడా ఆ ఏడాది మెక్‌గ్రాకి సహాయకుడిగా అక్కడే పనిచేశాడు. రోజూ అదే మనిషిని ఎదురుగా చూస్తూ ఎలా ఉన్నాడో!

అదే 1919 వరల్డ్ సిరీస్‌లో సిన్సినాటి షికాగోని ఓడించింది. మాథ్యూసన్ పత్రికల వాళ్ళతో కలిసి కూర్చుని, అనుమానంగా కనిపించిన ప్రతి ఆటకీ కాగితం మీద గుర్తు పెట్టాడు. తర్వాత నిజం బయటికొచ్చింది. షికాగో ఆటగాళ్ళు ఎనిమిది మందిని జన్మంతా ఆడకుండా నిషేధించారు. రెడ్స్ గెలిచింది, మాథ్యూసన్ పాత టీమే, కానీ ఆ గెలుపు మీద మచ్చ అలాగే ఉంది.

ఫ్రాన్స్‌లో మాథ్యూసన్ పని ఏమిటంటే, విషవాయువు నుంచి ఎలా కాపాడుకోవాలో సైనికులకి నేర్పించడం. ఆ శిక్షణలోనే ఒకసారి వాయువు పీల్చాడు. 1920లో అతనికి క్షయ జబ్బు ఉందని తేలింది. క్షయ అంటే ఊపిరితిత్తులకి వచ్చే జబ్బు, అప్పటికి దానికి మందు లేదు. న్యూయార్క్ రాష్ట్రంలో సరనాక్ లేక్ అనే కొండ ఊరికి వెళ్ళి చల్లగాలిలో పడుకుని ఉండడమే వైద్యం. కొంచెం తేరుకుని 1923లో బోస్టన్ టీముకి అధ్యక్షుడయ్యాడు. జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. 1925 అక్టోబర్ 7న చనిపోయాడు. వయసు 45. ఆరోజే వరల్డ్ సిరీస్ మొదలైంది. తర్వాతి ఆటలో రెండు టీముల వాళ్ళూ చేతికి నల్ల పట్టీ కట్టుకుని దిగారు.

మరి రూసీ ఏమయ్యాడు? ఆట మానేశాక చిన్న చిన్న పనులు చేసుకుని బతికాడు. 1921లో మెక్‌గ్రా అతన్ని పిలిచి న్యూయార్క్ జెయింట్స్ మైదానంలో ఉద్యోగం ఇచ్చాడు. తనకి బదులుగా వచ్చిన కుర్రాడు వందల ఆటలు గెలిచిన ఆ మైదానాన్ని కొన్నేళ్ళు రూసీ చూసుకున్నాడు. 1942లో చనిపోయాడు.

బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి 1936లో మొట్టమొదట ఎన్నుకున్న ఐదుగురిలో మాథ్యూసన్ ఒకడు. రూసీ పేరు అక్కడికి చేరడానికి ఇంకో 41 ఏళ్ళు పట్టింది. 1977లో చేరింది. మీరు ఎప్పుడైనా కూపర్స్‌టౌన్ వెళ్తే ఇద్దరి ఫలకాలూ వెతకండి. ఒకే హాల్లో ఉంటాయి.